నట్ల మీద పసుపు గీతలు

జములమ్మ మెట్లెక్కి పైకి వచ్చేసరికి తిరుపతి సారు చాప మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు. వనపర్తిలో కుట్టుమిషన్ల దుకాణం పైన రెండు గదుల ఇల్లది. గుమ్మం పక్కన ఆయనే చేత్తో రాసిన బోర్డు ఉంది: మణెమ్మ, ప్రైవేటు పరిశోధన. చెప్పులు విడిచి లోపలికి రావాలి.

"డిటెక్టివ్ సారు మీరేనా?" అంది జములమ్మ రొప్పుతూ.

"నేను కాదమ్మా. డిటెక్టివ్ పొయ్యి కాడ ఉన్నది. నేను ఆమెకు అసిస్టెంటును." ఆ మాట చెప్పేటప్పుడు తిరుపతి సారు ముఖంలో, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనప్పుడు కప్పిన శాలువా కూడా తేలేని వెలుగు వచ్చింది.

కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఆయన భార్య మణెమ్మ బయటికి వచ్చింది. పొట్టి మనిషి, అరవైకి దగ్గర. ఆర్టీసీ డిపోలో స్టోరు గుమాస్తాగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. ఏ బోల్టు ఏ బండిదో చూడకుండా చేత్తో తడిమి చెప్పేదని పేరు.

"మన్ననూరు దిక్కు నుంచి మొదటి బస్సుకు వచ్చినవు. పొద్దటి సంది ఏం తినలే. ముందు కూచో బిడ్డా."

"మీకెట్ల తెలుసక్కా?"

"మూడు టికెట్లు మడిచి గాజుల్ల పెట్టుకున్నవు. పైదాని మీద మన్ననూరని ఉన్నది. ఇగ నా పోపు వాసనకు నువ్వు మింగిన గుటక వంటింట్లకు వినబడ్డది."

తిరుపతి సారు నోటుబుక్కు తీశాడు. జములమ్మ ఉప్మా సగం తిని, సగం వదిలి, విషయం చెప్పింది.

ఆమె భర్త కురుమూర్తి మన్ననూరులో ఒక ట్రస్టు జీపు నడుపుతాడు. నల్లమల లోపలి గూడేల నుంచి నిండు గర్భిణులను దవాఖానకు తెచ్చే జీపు. నాలుగు చక్రాలూ లాగే రకం. వారం కింద గౌరమ్మ అనే ఆమెను నొప్పులతో తెస్తుంటే వాగు గట్టు బురదలో జీపు కూరుకుపోయింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయి, ముందు చక్రాలు కదల్లేదు. గౌరమ్మ జీపులోనే ప్రసవించింది. తల్లీ పిల్లా బాగున్నారు. కానీ తర్వాత వచ్చిన మెకానిక్ బండి కిందికి దూరి, నూనె మాడిన వాసన వస్తోందని, బరువులు లాగిస్తేనే ఇట్లా అవుతుందని చెప్పి పోయాడు.

"ఇగ ఇంఛార్జి చంద్రశేఖర్ సారు, మా ఆయన దొంగతనంగ అడవిల దుంగలు గుంజిండని అంటుండు. జీపుకున్న రెండు పాత టైర్లు అమ్ముకున్నడని కూడ అంటుండు. రేపు పగటి పన్నెండుకు ఠాణకు పోయి కాయితం ఇస్తడట. జీపును హైదరాబాదుకు పంపిస్తడట." జములమ్మ ఉప్మా పళ్ళెం పక్కకు జరిపింది. "పులుల అడవిల దుంగలు గుంజినవంటే జేలే కదక్కా. ఇగ ఆ జీపు పోతే గూడేలోళ్ళ గతేంది?"

"టైర్ల సంగతి నీ మొగడు ఏమంటడు?"

"నేనే మార్చిన అంటడు. ఏడ అంటే చెప్పడు. పాతయి ఏమైనయి అంటే చెప్పడు. అక్కా, ఆయన అబద్ధం చెప్తుండు. నాకు తెలుసు. ఆయనకు అబద్ధం చెప్పరాదు, చెవులు ఎర్రగైతయి."

మణెమ్మ లేచి లోపలికి వెళ్ళింది. సంచిలో టార్చి, కింది దుకాణంలో అడిగి తెచ్చిన కొలత టేపు, ఒక గద్వాల చీర పెట్టుకుంది. ఆ చీర తిరుపతి సారుకు బాగా తెలుసు. ఆమె పుట్టింటి ఊరిది. కేసు తేలిన రోజునే కడుతుంది. తేలకపోతే మడత విప్పకుండా తిరిగి తెస్తుంది.

"చిక్కుడుకాయ కూర?" అన్నాడాయన.

"డబ్బాల పెట్టండ్రి. బస్సుల తిందాం."

* * *

మన్ననూరు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. ట్రస్టు ఆఫీసు రేకుల షెడ్డు. ముందు గచ్చు వేసిన వాకిలి, దాని మీద తెల్ల జీపు. చంద్రశేఖర్ నలభై ఏళ్ళ మనిషి, నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి. చెడ్డవాడిలా కనిపించలేదు. భయపడ్డవాడిలా కనిపించాడు.

"మేడం, ఆ రోజు తల్లికి గాని పిల్లకు గాని ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు? నేను చెప్పాల. ఎనక కొక్కేనికి తాడు ఒరుసుకున్న గుర్తులున్నయి చూడండ్రి. దుంగలు కట్టి గుంజిండు."

మణెమ్మ కొక్కెం చూసింది. జీపు చుట్టూ నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. బండి అద్దంలా మెరుస్తోంది. ముందు టైర్లు రెండూ కొత్తవి, గాడులు లోతుగా ఉన్నాయి. వెనకవి అరిగి నున్నగా అయ్యాయి. ఆమె ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని టార్చి వేసింది. చక్రాన్ని పట్టి ఉంచే ఆరు నట్ల మీదా ఒక్కో చిన్న పసుపు గీత. మైనపు సుద్దతో గీసినది.

"సారూ, గిది రాసుకోండ్రి. ముందు చక్రాల నట్లకే గీతలున్నయి. ఎనక వాటికి లెవ్వు."

తిరుపతి సారు రాసుకున్నాడు. ఎందుకో అడగలేదు. చెప్పాల్సినప్పుడు ఆమే చెబుతుంది.

కురుమూర్తి షెడ్డు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బక్కపలచని మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా, జేబు మీద చెయ్యి.

"బండిని రోజూ కడుగుతవా?"

"పొద్దుగాల లేస్తనే కడుగుత."

"కొబ్బరి పీచుతోనా, గుడ్డతోనా?"

"పీచుతోనే అమ్మా. చక్రాలకు బురద గట్టిగ పడ్తది."

"టైర్లు ఎవరు మార్చిండ్రు?"

"నేనే."

జములమ్మ మణెమ్మ వైపు చూసి చెవి పట్టుకుంది. కురుమూర్తి చెవులు నిజంగానే ఎర్రబడ్డాయి.

"ఏ దుకాణంల?"

"అచ్చంపేటల. పేరు యాదికి లేదు."

"దుంగలు గుంజినవా?"

ఈసారి అతను తల ఎత్తి సూటిగా చూశాడు. "పచ్చి చెట్టు కొమ్మ ఇరిస్తెనే నాకు మనసున పట్టదు. నేను గుంజలే." చెవులు మామూలుగానే ఉన్నాయి.

నర్సు నందిని ఆ రోజు జీపులో ఉన్న మనిషి. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది.

"తాడు గుర్తులా? అయ్యో, గూడెపోళ్ళు ఎనిమిది మంది ఎనక కొక్కేనికి తాడు కట్టి బురదల నుంచి బయటికి గుంజిండ్రు గద. సారుకు చెప్పిన, ఇంటలేడు. ఇగ బండి సంగతంటరా, నెల దినాల సంది దానికి ఏదో అయింది. తారు రోడ్డు మీద మూల తిప్పినమంటే గునుస్తది. ఎవరో ఎనకకెళ్ళి పట్టుకున్నట్టు. మొరాయించిన ఎద్దు లెక్క."

"బురదలనా, తారు మీదనా?"

"తారు మీదనే. మట్టి దారిల మంచిగనే పోతది. ఇంకోటి. దూరం పోయినంక మాడు వాసన వస్తది, లోపల ఒక పసుప్పచ్చ దీపం మినుకు మినుకు మంటది. బండి ఆపి చాయ్ తాగి వచ్చినమంటే దీపం ఉండదు."

"ఆ రోజు?"

"అచ్చంపేట నుంచి మందులు తీసుకొని ఆగకుండ అడవిల పడ్డం. దీపం ఎలిగింది. చాయ్ తాగే టైమేడిది? గౌరమ్మ ఆడ నొప్పులు పడ్తుండె."

మణెమ్మ తల ఊపింది. స్టీరింగు దగ్గర ఒక మీట ఉంది. దాన్ని రెండు చక్రాల మీద పెట్టవచ్చు, లేదా అవసరమైనప్పుడు నాలుగూ లాగేలా బండి ఇష్టానికి వదలవచ్చు. వానాకాలం నాలుగు నెలలూ బండి ఇష్టానికే వదలాలని గోడ మీద చంద్రశేఖర్ సంతకంతో కాగితం అంటించి ఉంది. కురుమూర్తి ఆ మాట జవదాటలేదు.

ఆమె సంచిలోంచి కొలత టేపు తీసింది. "సారూ, ఆ కొస పట్టుకోండ్రి."

భార్యాభర్తలిద్దరూ రవికకు కొలత తీసినట్టు టైర్ల చుట్టుకొలత తీశారు. ముందు టైరు రెండు మీటర్ల ముప్పై ఒక్క సెంటీమీటర్లు. వెనక టైరు రెండు మీటర్ల ఇరవై. చంద్రశేఖర్ వింతగా చూశాడు. తిరుపతి సారు నోటుబుక్కులో భాగహారం చేసి, కిందికి చూసి, పైకి చూసి, "మణీ!" అన్నాడు.

"ష్. ఇప్పుడే కాదు." ఆమె జములమ్మ వైపు తిరిగింది. "బిడ్డా, మీ ఇంట్ల బస్సు డిపోల చేసినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"మా నాయిన అక్కా. ఉప్పునుంతలల ఉంటడు. ఎందుకు?"

"చాయ్ తాగుదాం."

* * *

ఆటోలో పోతుంటే జములమ్మ తన తండ్రి గురించి చెప్పింది. కిష్టయ్య డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కురుమూర్తి అప్పట్లో బస్సు నడిపేవాడు. రెండేళ్ళ కింద బస్సు వదిలి అడవి జీపుకు పోతానన్నప్పుడు, కిష్టయ్య నలుగురి ముందు "పులులకు డ్రైవర్ అయితవా?" అని నవ్వాడు. ఆ రోజు నుంచి అల్లుడు మామను మామా అని పిలవలేదు.

"మందుల కోసం మా ఆయన అటు దిక్కు పోయినప్పుడు మా అమ్మ తినిపొమ్మంటది. తింటడు, ఒక గంట పండుకుంటడు, లేచి పోతడు. ఆయన గోడతోని మాట్లాడ్తడు, మా నాయిన బర్రెతోని మాట్లాడ్తడు. నడుమ మేం చస్తున్నం."

కిష్టయ్య ఇంటి ముందు నిజంగానే బర్రె ఉంది. ముసలాయన దానికి గడ్డి వేస్తూ, వచ్చినవాళ్ళను చూసి తువ్వాలు సర్దుకున్నాడు. చాయ్ వచ్చింది. జములమ్మ తల్లి పెంటమ్మ చక్కెర తక్కువైందేమోనని మూడుసార్లు అడిగింది.

"మీ అల్లుని మీద కేసు పెడ్తున్నరన్నా," అంది మణెమ్మ.

ముసలాయన చేతిలో గడ్డి ఆగింది. తర్వాత బర్రె వైపు తిరిగాడు. "ఇన్నవా? నేను చెప్పలేదా? అడవిల బతుకు అద్దం మీద ఆవగింజ అని చెప్పలేదా? ఇంటడా? ఇనడు." గడ్డి దాని ముందు పడేశాడు. "ఏం కేసే?" అని కూడా బర్రెనే అడిగాడు.

"బండి చెడగొట్టిండని," అంది మణెమ్మ, ఆమె కూడా బర్రెకే చెబుతున్నట్టు. తిరుపతి సారు నవ్వు ఆపుకోవడానికి చాయ్ తాగాడు.

"ఆడు బండిని చెడగొడ్తడా! ఆడు బండికి దెబ్బ తగిలితే అన్నం తినడు!" కిష్టయ్య ఒక్కసారిగా కూతురి ముందు అల్లుణ్ని మెచ్చుకున్నానని గ్రహించి, జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. "నా సుద్దముక్క... నెల కావొస్తుంది పోయి. ఎవరు తీసిండ్రో ఏమో."

పశువుల కొట్టంలో, గోడకు ఆనించి, రెండు గుండ్రటి వస్తువులు నిలబెట్టి ఉన్నాయి. శుభ్రమైన గోనెసంచులు కప్పి ఉన్నాయి. మణెమ్మ వాటి వైపు చూసింది, గ్లాసు కింద పెట్టింది.

"అన్నా, రేపు పొద్దుగాల తొమ్మిదింటికి మన్ననూరు రావాలె. ఆ గోనెసంచులల్ల ఉన్నవి కూడ ఆటోల వేసుకొని రా. నీ పానా, జాకీ తెచ్చుకో."

ముసలాయన ముఖం పాలిపోయింది. కాదనలేదు.

ఆ సాయంత్రం నందిని గదిలో చాప పరుచుకుంటూ తిరుపతి సారు అడిగాడు. "మణీ, దొంగ ఆయనేనా?"

"దొంగ ఎవరున్నరు సారూ ఈ కథల?" అంది ఆమె, గద్వాల చీరను దండెం మీద వేస్తూ.

* * *

ఉదయం తొమ్మిదింటికి అందరూ గచ్చు వాకిలిలో చేరారు. చంద్రశేఖర్ చేతిలో ఠాణాకు రాసిన కాగితం ఉంది. కురుమూర్తి షెడ్డు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కిష్టయ్య ఆటో దిగి, అల్లుడి వైపు చూడకుండా, వేపచెట్టుకు కట్టేసిన ఎవరిదో మేక పక్కకు పోయి నిల్చున్నాడు. "ఈడ బర్రె లేదని మేకను పట్టుకున్నడు," అని పెంటమ్మ గొణిగింది. పరీక్షకు వచ్చిన గౌరమ్మ పసిగుడ్డును ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చుంది. ఆ పిల్లను గూడెంలో అప్పుడే జీపమ్మ అంటున్నారట.

మణెమ్మ గద్వాల చీర కట్టుకుని వచ్చింది. తిరుపతి సారు చేతిలో రెండు పళ్ళాలున్నాయి. ఒకటి పెద్ద తాంబాళం, ఒకటి అన్నం తినే పళ్ళెం. రెండింటి అంచు మీదా కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"చంద్రశేఖర్ సారూ, ఈ జీపు ఎట్ల నడుస్తదో ముందు చెప్త. మామూలుగ దీన్ని ఎనక చక్రాలు రెండే తోస్తయి. ముందు చక్రాలు ఊకె దొర్లుతయి. ప్రతి చక్రం కాడ ఒక పళ్ళ చక్రం ఉంటది. దాని పక్కనే ఒక చిన్న సెన్సర్ కూచుంటది. ఎన్ని పళ్ళు తిరిగినయో లెక్క పెట్టుడే దాని పని. నాలుగు చక్రాల లెక్క సీటు కింద ఉన్న పెట్టెకు పోతది. ఆ పెట్టే కంప్యూటరు."

"అది నాకు తెలుసు మేడం."

"తెలిస్తే మంచిదే. బురదల ఎనక చక్రం జారి గిర్రున తిరిగిందనుకోండ్రి. ముందు చక్రం మెల్లగ ఉంటది. పెట్టె అదే చూస్తది. ఎనకది ఎక్కువ తిరుగుతుంది, అంటే జారుతుంది అనుకుంటది. అప్పుడు నడుమల ఉన్న క్లచ్చుకు కరెంటు పంపుతది. ఆ క్లచ్చుల పలచని బిళ్ళలు నూనెల మునిగి పక్కపక్కన ఉంటయి. కరెంటు పోతే అయస్కాంతం వాటిని ఒకదానికొకటి అదుముతది. రెండు చేతులు గట్టిగ పట్టుకున్నట్టు. ఇంజను బలం ముందుకు కూడ పోతది, నాలుగు చక్రాలూ లాగుతయి. జారుడు ఆగంగనే చేతులు వదుల్తయి. ఇదంత మీరు రెప్ప వేసేలోపట అయిపోతది."

"మరి ఆ రోజు ఎందుకు కాలే?"

"చూపిస్త. సారూ, దొర్లియ్యండ్రి."

తిరుపతి సారు పంచె ఎగగట్టి వంగాడు. తాంబాళాన్ని గచ్చు మీద నిలబెట్టి ఆ కొస నుంచి ఈ కొసకు దొర్లించాడు. కుంకుమ బొట్టు ఆరుసార్లు నేలకు తగిలింది. తర్వాత చిన్న పళ్ళెం. పదిసార్లు తగిలింది. గౌరమ్మ కూడా వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"ఒకటే దూరం. చిన్న పళ్ళెం ఎక్కువసార్లు తిరగాలె, తప్పదు," అన్నాడు తిరుపతి సారు, తరగతి గది గొంతు తెచ్చుకుని. "ఈ జీపుకు ముందు టైర్లు పెద్దవి, ఎనకవి చిన్నవి. కిలోమీటరుకు ముందువి నాలుగు వందల ముప్పై మూడు సార్లు తిరుగుతయి. ఎనకవి దాదాపు నాలుగు వందల యాభై ఐదు సార్లు. ఇరవై రెండు చుట్లు ఎక్కువ."

"పెట్టెకు కండ్లు లెవ్వు, చంద్రశేఖర్ సారూ," అంది మణెమ్మ. "టైరు పెద్దదో చిన్నదో దానికి తెల్వదు. దానికి తెలిసిందొకటే. ఎనకది ఎక్కువ తిరుగుతుంది. అంటే జారుతుంది. అందుకే పొడి తారు రోడ్డు మీద కూడ చేతులు పట్టుకోమని క్లచ్చుకు చెప్పుకుంట పోయింది. ముందు చక్రాలు ఒక లెక్కల, ఎనక చక్రాలు ఒక లెక్కల తిరగాలంటయి, నడుమల క్లచ్చు ఇడువదు. అందుకే మూల తిప్పితే గునిసింది. మట్టి దారిల చక్రం కొంచెం జారి సర్దుకుంటది, కాబట్టి ఆడ తెలువలే. అట్ల మూడు వారాలు. బిళ్ళలు ఒరుసుకొని నూనె వేడెక్కింది. అదే మాడు వాసన. మరీ వేడైతే క్లచ్చు కాలిపోతదని పెట్టే కరెంటు ఆపి దీపం ఎలిగిస్తది. చల్లారితే మళ్ళ మొదలు. ఆ రోజు చల్లారనిచ్చే టైము లేకుండె. బురదల నిజంగ అవసరమైనప్పుడు, పాపం అది అలసిపోయి చేతులు ఇడిచేసింది."

చంద్రశేఖర్ కాగితం మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"అయితే దుంగలు గుంజలేదంటరు. సరే. కానీ టైర్లు మార్చింది వీడే గద? పాతవి అమ్మిండు గద?"

"కురుమూర్తి మార్చలే."

కురుమూర్తి ఒక అడుగు ముందుకేశాడు. "అమ్మా, నేనే..."

"చెవులు చూసుకో నాయినా." ఆమె ముందు చక్రం దగ్గరికి నడిచింది. "దుకాణపోడు కొత్త టైర్లు రెండే వేస్తే ఏడ వేస్తడు? తోసే చక్రాలు ఎనక ఉన్నయి, ఎనకనే వేస్తడు. కానీ డిపోల అట్ల కాదు. బస్సుకు కొత్త టైరెప్పుడూ ముందే. ఎనకకు పాతది, రబ్బరు మళ్ళ పోసింది వేస్తరు. ముందు టైరు పగిలితే బస్సు మనిషి చేతిల ఉండదు గనుక. ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన చెయ్యి ఇంకోతీరుగ చెయ్యదు. ఇగ ఈ పసుపు గీతలు. నట్టు పూర్తిగ బిగించినంక గీత పెడితేనే బిగించినట్టు. నేను స్టోరుల ఆ సుద్ద డబ్బాలు లెక్కలేనన్ని ఇచ్చిన."

అందరి కళ్ళూ మేక పక్కన ఉన్న ముసలాయన మీద పడ్డాయి.

కిష్టయ్య తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఈసారి మేకతో కాదు, చంద్రశేఖర్‌తో మాట్లాడాడు. "నేనే సారూ. ఆడు పండుకున్నప్పుడు మార్చిన. పాతయి నున్నగైనయి. అడవి దారి, అన్నీ బండలు. కింద తగలొద్దని ఒక నంబరు పెద్దయి తెచ్చిన. రెండిటికే చేతనైంది. మిగతా రెండు దసరాకు వేద్దామనుకున్న. పాతయి మీ సొమ్ము, ముట్టలే. కడిగి సంచులు కప్పి పెట్టిన. ఇగో ఆటోల ఉన్నయి." ఆగి, మెల్లగా అన్నాడు. "ట్రాక్టరుకు చిన్న చక్రాలు ముందు, పెద్దయి ఎనక ఉంటయి, దానికేం కాదు. బస్సుకు కొత్తయి పాతయి కలిపితే ఏం కాదు. జీపుకు అయితదని నాకు తెల్వదు సారూ. ఆ తల్లికేమన్న అయితే నేను బతికి ఉండకపోదును."

"నీ రూలు తప్పు కాదన్నా," అంది మణెమ్మ. "బస్సుల ముందు చక్రాలు దారి చూస్తయి, ఎనకయి తోస్తయి. ఒకదాని సంగతి ఇంకోదానికి అక్కర లేదు. ఈ బండిల నాలుగూ ఒకదానికొకటి లెక్క చెప్పుకుంటయి. అంతే తేడా."

చంద్రశేఖర్ కురుమూర్తి వైపు తిరిగాడు. "నీకు తెలుసా? తెలిసి జేలుకు పోదామనుకున్నవా?"

కురుమూర్తి నేల చూశాడు. జవాబు మణెమ్మ చెప్పింది.

"తెలుసు. ఆ రోజు నిద్ర లేచి బయటికి రాంగనే తెలుసు. రోజూ కొబ్బరి పీచుతో చక్రాలు రుద్దే మనిషి. మైనపు సుద్ద నీళ్ళకు పోదు గాని పీచుకు పోతది. పన్నెండు నట్లున్నయి. మూడు వారాలు, ఇగ బురదల పడి లేచింది, మళ్ళ కడిగిండు. ఒక్క గీత చెరగలే. నట్ల చుట్టు వేలితోని కడిగిండు. ఎందుకు కడిగినవు నాయినా అట్ల?"

కురుమూర్తి చెయ్యి జేబు మీదికి పోయింది.

"ట్రస్టు బండి చెప్పకుండ ముట్టినందుకు ఆయనను ఠాణల నిలబెడ్తరేమోనని..." అన్నాడు చివరికి. "గీతలు... ఊకెనే. ఉండనీ అనుకున్న."

చంద్రశేఖర్ చేతిలోని కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వాకిలిలో చెత్త వేయకూడదని ఆయనే రాసిన కాగితం ఇంకోటి గోడ మీద ఉంది. "పాత టైర్లు ఎక్కియ్యండ్రి ముందు," అన్నాడు. "అయ్యి నున్నగైనయని నాకు నువ్వు రెండుసార్లు చెప్పినవు కురుమూర్తీ. నేనే పక్కకు పెట్టిన. నాలుగూ ఒకటే నంబరువి కొత్తయి ఈ వారంల తెప్పిస్త. నూనె గూడ మార్పిస్త."

కిష్టయ్య జాకీ పెట్టాడు. అరవై నాలుగేళ్ళ చేతులు ఒక్కసారి కూడా తడబడలేదు. ఒక చక్రం దిగింది, ఒక చక్రం ఎక్కింది. రెండోదీ ఎక్కింది. చివరి నట్టు బిగించి, అలవాటుగా చొక్కా జేబు తడుముకున్నాడు. ఖాళీ. పక్క జేబు తడుముకున్నాడు.

అతని ముఖం ముందుకు ఒక చెయ్యి వచ్చింది. అరచేతిలో వేలెడు పసుపు సుద్దముక్క, జేబులో ఉండి ఉండి కొసలు అరిగినది.

"ఆ రోజు సీటు కింద పడేసి పోయినవు," అన్నాడు కురుమూర్తి. తర్వాత, ఎంతో బరువు ఎత్తినవాడిలా ఊపిరి పీల్చి, "ఇగో, మామా," అన్నాడు.

ముసలాయన సుద్ద తీసుకున్నాడు. గీత పెట్టడానికి చాలా సమయం తీసుకున్నాడు. పన్నెండు నట్లకు పన్నెండు గీతలు పెట్టేలోపు తువ్వాలు రెండుసార్లు ముఖానికి పోయింది. మేక మాత్రం తనను ఎవరూ పట్టించుకోవడం లేదని అరిచింది.

జీపు తారు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు పోయి వచ్చింది. మూలల దగ్గర గునవలేదు. దీపం వెలగలేదు. తర్వాత మామను పక్కన కూర్చోబెట్టుకుని కురుమూర్తి వాగు గట్టు బురదలోకి దింపాడు. వెనక చక్రాలు ఒక్క క్షణం జారాయి, మరుక్షణం ముందు చక్రాలు నేలను పట్టుకుని లాగాయి, జీపు గట్టెక్కి నిలబడింది. గట్టు మీద నుంచి చూస్తున్న నందిని చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడుకు జీపమ్మ లేచి ఏడ్చింది.

"నాయినా," అని అరిచింది జములమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఇగ మన బర్రెకు రిటైర్‌మెంటు ఇయ్యొచ్చు!"

తిరుగు బస్సులో తిరుపతి సారు నోటుబుక్కు మూసి, డబ్బా మూత తీశాడు. నిన్నటి చిక్కుడుకాయ కూర ఇంకా కొంచెం ఉంది. పెద్ద ముద్ద కలిపి ముందు ఆమెకు ఇచ్చాడు.

"మణీ, ఆ గీతలు చూసినప్పుడే నీకు తెలిసిందా?"

"డిపో మనిషి పెట్టిండని అప్పుడే తెలిసింది." ఆమె చీర అంచుకు అంటిన బురదను గోటితో గీకుతూ కిటికీలోంచి చూసింది. "అల్లుడు ఎందుకు చెరపలేదో ఉప్పునుంతల పోయినంక తెలిసింది."